చేప పంచేటప్పుడు ఎక్కడ పట్టామో కూడా చెప్పాలి

గిరావీన్, పెండిల్ హిల్, టూంగాబీ చుట్టుపక్కల ఉంటూ సెలవు రోజున గాలం పట్టుకుని బయలుదేరే మనవాళ్ళ కోసం ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

పోయిన శనివారం మా కాకినాడ స్నేహితుడి రేకు పడవలో మేమిద్దరం బ్రూక్లిన్ వైపు వెళ్ళాం. హాక్స్‌బరీ నది సముద్రంలో కలిసే దగ్గర. పోటు మొదలయ్యాక రెండు గంటలు చేతికి ఖాళీ లేదు. ఏడు ఫ్లాట్‌హెడ్లు, నాలుగు బ్రీమ్‌లు ఇంటికి తెచ్చాం. స్కేలు పెట్టి కొలిచే తెచ్చాం. డస్కీ ఫ్లాట్‌హెడ్ 36 సెంటీమీటర్ల కంటే చిన్నదైనా, 70 కంటే పెద్దదైనా నీళ్ళలో వదిలెయ్యాలి, మనిషికి 5 మించకూడదు. బ్రీమ్ 25 ఉండాలి. ఒక ఫ్లాట్‌హెడ్ 74 వచ్చింది. "తలకాయ పులుసు పోయింది రా" అంటూనే మావాడు వదిలేశాడు. అంత పెద్దవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టే ఆడ చేపలే.

తెచ్చినవి నాలుగిళ్ళకి పంచాం. మూడిళ్ళలో "పులుసుకి బాగుంటుందా, వేపుడికా?" అని అడిగారు. నాలుగో ఇంట్లో చెల్లెమ్మ కడుపుతో ఉంది. ఆమె ఒక్కతే "అన్నయ్యా, ఎక్కడ పట్టారు?" అని అడిగింది. మనందరం అడగాల్సిన ప్రశ్న అదే. మా అభిప్రాయం అయితే, వాళ్ళు అడిగేదాకా ఆగకుండా ఇచ్చేవాళ్ళే చెప్పాలి.

ఎందుకో చెప్తాం. మనకి దగ్గర నీళ్ళు పరమట్టా నది. ట్రైన్ ఎక్కితే చాలు, కారు కూడా అక్కర్లేదు. కొత్తగా వచ్చిన పిల్లలు, స్టూడెంట్లు అక్కడే గాలం వేస్తారు. వేసుకోండి, సరదాకి పట్టి వదిలెయ్యండి (హోంబుష్ బేలో మాత్రం అది కూడా కుదరదు, అక్కడ పట్టడమే నిషేధం). ఇంటికి మాత్రం తేవద్దు. హార్బర్ బ్రిడ్జికి పడమర వైపు పట్టిన చేప గానీ, రొయ్య గానీ, పీత గానీ అస్సలు తినొద్దని ఇక్కడి ప్రభుత్వం చెప్తోంది. తూర్పు వైపు పట్టినవి కూడా మామూలుగా నెలకి 150 గ్రాములే, చేప రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ. 2006లో హార్బర్ మొత్తంలో వ్యాపారానికి చేపలు పట్టడమే ఆపేశారు.

కారణం డయాక్సిన్ అనే విషం. ఇప్పుడు పెద్ద పెద్ద అపార్టుమెంట్లు లేచిన రోడ్స్‌లో ఒకప్పుడు యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ ఉండేది. కలుపు మందులు చేసేవాళ్ళు. ఆ తయారీలో పుట్టిన డయాక్సిన్ పక్కనున్న హోంబుష్ బే అడుగు బురదలోకి చేరింది. యూనియన్ కార్బైడ్ అంటే మనకి ఒకరు చెప్పక్కర్లేదు, 1984 భోపాల్ గుర్తుంది కదా. ఇక్కడ తర్వాత కొంత బురద తీసి శుభ్రం చేశారు. అయినా తినొద్దన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"మా ఊళ్ళో మురుగు కాలవలో పట్టి తిన్నాం, మాకేం కాలేదు" అనేవాళ్ళు ఉన్నారు. "పసుపు, చింతపండు వేసి బాగా మరిగిస్తే అన్నీ పోతాయి" అనేవాళ్ళూ ఉన్నారు. పోవండీ. ఇది పొయ్యి మీద చచ్చే పురుగు కాదు. చేప కొవ్వులో ఉంటుంది, మన ఒంట్లోకి వస్తే మన కొవ్వులో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. రుచి మారదు, వాసన రాదు, నీళ్ళు తేటగానే కనిపిస్తాయి. ముందు జాగ్రత్త పడాల్సింది కడుపుతో ఉన్నవాళ్ళు, పసిపిల్లలు.

సైటు మీద పనిచేసే మనకి ఇది ఇంకా బాగా అర్థం కావాలి. పాత ఇల్లు కూల్చేటప్పుడు రేకులో ఆస్‌బెస్టాస్ ఉందంటే పని ఆపుతాం. దుమ్ము కంటికి కనపడట్లేదు కదా అని ఎవరూ వాదించరు. ఈ దేశంలో 2003 చివర్లోనే దాన్ని పూర్తిగా నిషేధించారు, అయినా ఇవాళ్టికీ పాత గోడల్లో ఉంది, ఇవాళ్టికీ భయపడుతున్నాం. రేకు దగ్గర ఉన్న తెలివి చేప దగ్గర ఎందుకు ఉండకూడదు?

మన ఇళ్ళల్లో చేప ఒక్కరం తినం. పక్కింటికి గిన్నె పంపిస్తాం. అది మంచి అలవాటే, పోగొట్టుకోవద్దు. కానీ మనం తింటే మన ఇష్టం, ఎదుటి ఇంటి పిల్లల కంచంలో పడేది మన ఇష్టం కాదు. కాబట్టి గిన్నెతో పాటు ఒక్క మాట కూడా పంపండి: ఫలానా చోట పట్టాం అని. తీసుకునేవాళ్ళు అడిగితే మొహం మాడ్చుకోవద్దు.

దూరం వెళ్ళడానికి కారు లేని తమ్ముళ్ళు ఉంటే ఇక్కడే రాయండి. పడవలో ఇంకొకరికి చోటుంది, లైఫ్ జాకెట్టు కూడా ఉంది. ఈ వారం కొత్తగా దిగినవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ఈ పోస్టు వాళ్ళకి చదివి వినిపించండి.