కణ్మాయి కట్ట మీదికి ఇంటికొకరు



పైచదువుకని న్యూజిలాండ్ వెళ్ళి ఆక్లాండ్‌లో ఉన్న రోజుల్లో, సెలవు దొరికితే చాలు తిరితిరి మాతంగి అనే దీవికి పనికి వెళ్ళేదాన్ని. కూలి లేని పని. మొదటిరోజు పడవ ఎక్కబోతుంటే ఆపి సంచి మొత్తం విప్పి చూపమన్నారు. బూట్ల అడుగు బ్రష్‌తో రుద్దించారు. నా మేజోడు అంచుకు ఒక గడ్డిగింజ అంటుకుని ఉంది. డెబ్భై దాటిన ఒకావిడ వంగి, దాన్ని గోటితో గిల్లి తీసి, అరచేతిలో పెట్టుకుని నాకు చూపించింది. ఒక్క గింజ! అది దీవిలో మొలిస్తే ఎంతమంది ఎన్నేళ్ళు పీకాలో ఆవిడకు తెలుసు. ఎందుకంటే పీకినవాళ్ళలో ఆవిడా ఒకరు.

పుదూరు చుట్టుపక్కల మన కరిసల్ నల్లనేల ఊళ్ళలో, కణ్మాయి అని పిలుచుకునే చెరువులో మేకపెంట పడిన చోటల్లా మొలిచే సీమ కరువేలం ముళ్ళచెట్టు నాకు ఆ క్షణాన కళ్ళ ముందు మెదిలింది. గొంతు పట్టేసింది.

ఆ దీవి విస్తీర్ణం 220 హెక్టార్లు. గొర్రెల మేత కోసం వందేళ్ళకు పైగా కొట్టి కాల్చి బోడి చేసిన నేల. వాగుల మడతల్లో మాత్రం నాలుగు చెట్లు మిగిలాయి. 1984 నుంచి 1994 దాకా పదేళ్ళపాటు మామూలు జనం పడవలెక్కి వచ్చి రెండున్నర లక్షలకు పైగా మొక్కలు నాటారు. బడిపిల్లలు వచ్చారు, ఉద్యోగాల నుంచి రిటైరైనవాళ్ళు వచ్చారు. నాటినవన్నీ సరిగ్గా నాటారా అంటే, లేదు. పొహుటుకావా చెట్లు మరీ ఒత్తుగా వేయడంతో వాటి నీడన ఇంకేమీ పెరగలేదు. తప్పు ఒప్పుకుని, తర్వాత కొన్నింటిని తీసి పలుచన చేశారు. నేను వెళ్ళేసరికి అక్కడ అడవి ఉంది. వీపు మీద ఇటుకరంగు జీను పరిచినట్టుండే టియెకే పిట్ట నా కాలి పక్కనే ఎండుటాకులు చిమ్ముకుంటూ పురుగులు ఏరుకునేది. నాకు అప్పజెప్పిన పని తేనెపిట్టలకు పంచదార నీళ్ళు పెట్టే గిన్నెలు కడగడం, కాలిబాట పక్క కలుపు తీయడం. గొప్ప పనులు కావు. అయినా అక్కడ ఒక్కరూ "ఇది ఎవరి పని?" అని అడగడం నేను వినలేదు.

తిరిగొచ్చాక ఈ సంగతి మా తాతకు చెప్పాను. పూర్తిగా విని, "దీనికి సముద్రం దాటాలా అమ్మాయీ? మేము చేసింది అదేగా!" అన్నాడు. కుడిమరామత్తు గురించి చెప్పాడు. వానలకు ముందు ఊరంతా చాటింపు. ఇంటికొక మనిషి పార, తట్ట పట్టుకుని కణ్మాయిలో దిగాలి. మగదిక్కు లేని ఇంటి వంతు పక్కింటివాళ్ళు చేసేవాళ్ళు. పూడు తీసి కట్టకు పోసేవాళ్ళు, కణ్మాయికి నీళ్ళు తెచ్చే వరత్తు కాలువ చెక్కేవాళ్ళు, తూము చూసుకునేవాళ్ళు. అది దయ కాదు, దానం కాదు. ఆ నీళ్ళు తాగేవాడి బాకీ.

ఆ బాకీ మనం ఎగ్గొట్టాం. 2017లో ప్రభుత్వం అదే పేరుతో పథకం పెట్టి డబ్బిచ్చింది, మంచిదే. కానీ డబ్బు యంత్రాన్ని తేగలదు గాని ఇంటికొక మనిషిని తేలేదు. అదే ఏడాది మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం సీమ కరువేలం తొలగించమంటే ఊరూరా జేసీబీలు దిగాయి. వేరు మొదలు వదిలేసి పైన కొట్టేసిన చోట, ఒక్క వానకు మళ్ళీ చిగుళ్ళు. ఈ చెట్టు తత్వమే అంత. కాయ తియ్యన, మేక తింటుంది, గింజ పెంటలో క్షేమంగా బయటపడి మొలుస్తుంది. కెన్యాలో బరింగో సరస్సు దగ్గరి పశువుల కాపరులు ఈ కాయలు తిని పళ్ళూడిన మేకను నైరోబీ కోర్టుకే తోలుకెళ్ళి చూపించారు. మన దేశంలో దీన్ని 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. జమైకా నుంచి తెప్పించిన విత్తనం. మన పెద్దలు ఏ సీమ నుంచి దక్షిణానికి దిగివచ్చారని చెప్పుకుంటామో, ఆ దిక్కు నేలలోనే ఇదీ వేరూనింది. ఇడైసెవల్ రైతుబిడ్డ కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం'లో రాసింది ఇలా వచ్చినవాళ్ళు అడవిని సాగునేల చేసుకుని ఊరు నిలబెట్టుకున్న కథే. ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడుకునే మనకు ఆ కష్టం వారసత్వం. వాళ్ళు చదును చేసిచ్చిన నేలను మళ్ళీ ముళ్ళకు అప్పగిస్తామా?

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ కట్టెతో కరిమూట్టం వేసి, బొగ్గు కాల్చి పొట్టపోసుకునే ఇళ్ళు మన మధ్యే ఉన్నాయి. వానలు మోసం చేసిన ఏడాది వాళ్ళ పొయ్యి వెలిగించింది ఈ చెట్టే. వాళ్ళ మీద యుద్ధం ప్రకటించి చేసే సేవ నాకొద్దు. పట్టా నేలల్లో ఉన్నవాటి జోలికి పోవద్దు. నీటి దారిలో ఉన్నవాటినే పట్టుకుందాం: వరత్తు కాలువ, కణ్మాయి కడుపు, తాగునీటి ఊరణి గట్టు. ఆ కట్టె వేలం వేస్తే ముందు వాళ్ళకే దక్కాలని మనమే అడుగుదాం. వాళ్ళను కూలికి పిలవడం కాదు, ముందు నడిపించమని అడుగుదాం. ఆ వేరు ఎక్కడ తెగితే చస్తుందో వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఆగస్టు 15న ఊరూరా గ్రామసభ ఉంటుంది. కుర్చీలు ఖాళీగా వదలొద్దు. లేచి నిలబడి ఈ పనికి తీర్మానం అడగండి, రాయించండి, అనుమతి కాగితం చేతికి తీసుకోండి. అక్కణ్ణుంచి ఐప్పసి నెల వానల దాకా మనకు దొరికేవి తొమ్మిదీ పది ఆదివారాలు. చెన్నైలో, కోయంబత్తూరులో ఉద్యోగాలు చేసే అన్నలారా, డబ్బు పంపడం సులువు. పండగకు వచ్చినట్టు ఒక్క ఆదివారం రండి. కాలేజీ చెల్లెళ్ళారా, ఇది మగవాళ్ళ పనని ఎవరన్నా అంటే, బిందె మోసేది ఎవరో ఒకసారి గుర్తుచేయండి. పీకిన గుంట ఖాళీగా ఉంచితే మళ్ళీ అదే వస్తుంది. కట్ట మీద తాటి టెంకె పూడ్చాలి, గట్టున వేప, చింత నాటాలి. ఎండాకాలం ఎవరు ఏ మొక్కకు నీళ్ళు పోయాలో పేరుపేరునా రాసుకోవాలి. నాటి ఫొటో దిగి వెళ్ళిపోయే పనికి నన్ను పిలవకండి.

మా తాత పార పశువుల కొట్టంలో, దూలానికి దోపి ఉంది. అంచు అరిగి సగమైంది, పిడి చెదలు తినేసింది. నిన్న వడ్రంగి దగ్గర కొత్త పిడి వేయించాను. గ్రామసభ అయిన మరుసటి ఆదివారం ఉదయం ఆరింటికి తూము దగ్గర ఉంటాను. మా ఇంటి వంతు నాది.