అంగిలి మీది మచ్చ నుంచి అగనంపూడి దాకా: ఎలమంచిలి ప్రాంత ప్రజలకు విన్నపం

నోటిలో పుట్టిన క్యాన్సర్ చిన్న పుండుగా ఉండగానే దొరికితే చాలామందికి ఒక ఆపరేషన్‌తోనో, కొన్ని వారాల కరెంటు (రేడియేషన్)తోనో నయమవుతుంది. అదే పుండు దవడ ఎముకలోకి దిగి, మెడలో గడ్డ తేలాక దొరికితే కోత, కరెంటు, కీమో మూడూ కావలసి వస్తాయి. అన్నీ చేసినా మనిషి దక్కుతాడన్న నమ్మకం బాగా తగ్గిపోతుంది. ఈ రెండు పుండ్ల మధ్య తేడా చూపించుకున్న వేళలో ఉంది. రోగిది ఏ ఊరు, ఏ కులం, ఒక రోజు కూలి పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుందా అన్న సంగతులే ఆ వేళను ముందుకో వెనక్కో జరుపుతున్నాయి. ఎలమంచిలి, రాంబిల్లి, అచ్యుతాపురం, ఎస్.రాయవరం, నక్కపల్లి మండలాల్లో ఆ తేడాను తగ్గించడానికి చేయి కలపగల ప్రతి ఇంటికీ ఈ విన్నపం.

ఆసుపత్రి అందుబాటులో లేదన్న మాట ఈ ప్రాంతానికి ఇప్పుడు అంతగా వర్తించదు. ముంబైలోని టాటా మెమోరియల్ సెంటర్ 2014లో అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిని మొదలుపెట్టింది. అది జాతీయ రహదారి పక్కనే, ఎలమంచిలి నుంచి నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంది. విశాఖ నగరంలోకి వెళితే కేజీహెచ్ ఉంది, ఎంవీపీ కాలనీలో మహాత్మాగాంధీ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కింద పేద కుటుంబాలకు క్యాన్సర్ ఆపరేషన్, కీమో, కరెంటు దొరుకుతాయి. రోడ్డూ ఆసుపత్రీ పథకమూ ఉండి కూడా మనిషి ఆలస్యంగా వస్తున్నాడంటే అడ్డంకి మరెక్కడో ఉందన్నమాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే దేశంలో 30–49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. నోరు పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒకరు లేరు.

ఉత్తరాంధ్రలో నోటి క్యాన్సర్‌కు ప్రత్యేకమైన చరిత్ర ఒకటుంది, అది అడ్డపొగ. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా పల్లెల్లో, ముఖ్యంగా శ్రమ చేసే ఆడవాళ్లలో, తల్లి నుంచి కూతురికి వచ్చిన అలవాటు. గాలికి నిప్పు ఆరదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. కానీ ఆ వేడీ పొగాకూ కలిసి తగిలేది నేరుగా అంగిలికి. ప్రపంచంలో మిగతా చోట్ల అంగిలి క్యాన్సర్ అరుదు. ఇక్కడ మాత్రం విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాల వైద్యులు దాన్ని తరచుగా చూశారు, దాని మీద పరిశోధనలు రాశారు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ దంత పరిశోధకులు డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్‌తో కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. ఆ తర్వాత అదే బృందం శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారిని ఏళ్ల తరబడి కలిసి, మానమని చెబుతూ వచ్చింది. మానినవారిలో, తగ్గించినవారిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కూడా తగ్గాయి. అలవాటు పాతదైనా మాన్పించడం సాధ్యమేనని చూపిన ఆ ఫలితం ఈ నేలదే. ఇప్పటి ఆడపిల్లలు అడ్డపొగ జోలికి పోవడం లేదు. కానీ వాళ్ల అమ్మమ్మలు, నాయనమ్మలు ఇంకా ఉన్నారు. వారికి నొప్పి లేదు, కాబట్టి వారు చూపించుకోరు. తొలిదశలో నొప్పి లేకపోవడమే ఈ జబ్బులోని మోసం. పూడిమడకలోనో వాడనర్సాపురంలోనో చుట్ట కాల్చే పెద్దావిడ ఉన్న ఇంట్లో చేయవలసిన మొదటి పని చిన్నది. పగటి వెలుతురులో ఆమెను నోరు బాగా తెరవమని అంగిలి, బుగ్గల లోపలి వైపు, నాలుక కింద చూడాలి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, ఏది కనిపించినా డాక్టరుకు చూపించాలి. ఏమీ కనిపించకపోయినా ఆ నోటిని ఆరోగ్య సిబ్బంది ఒకసారి చూడవలసిందే.

చూపించుకునే వేళను జరిపేవాటిలో పని తేడా కూడా పదునైనదే. స్టీలుప్లాంటులో పర్మినెంటు ఉద్యోగికి ఉక్కునగరంలో సొంత ఆసుపత్రి, జీతంతో కూడిన సెలవు ఉన్నాయి. అచ్యుతాపురం సెజ్‌లో ఈఎస్ఐ కార్డున్న కార్మికుడికీ ఒక రక్షణ ఉంది కానీ, చాలామందికి ఆ సంగతే తెలియదు: రెండేళ్ల ఉద్యోగం, కట్టవలసిన చందా సరిగా ఉంటే క్యాన్సర్ వంటి దీర్ఘరోగాలకు వేతనంలో 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు వస్తుంది. వేటకు వెళ్లేవాడికి, ఊడ్పుల కూలికి వెళ్లే మనిషికి, ఇటుకబట్టీలో పనిచేసే జంటకు అలాంటిదేమీ లేదు. పథకం మందు ఖర్చు భరిస్తుంది, పోయిన కూలిని పూర్తిగా పూడ్చదు. అందుకే నోట్లో పుండు ఉన్నా పంట కోతల దాకా, పెద్ద పండుగ దాకా, పిల్ల పెళ్లి దాకా ఆగుతారు. దాన్ని నిర్లక్ష్యం అనడం అన్యాయం. అది లెక్క వేసుకున్న ఆలస్యం. సెజ్‌లో మేస్త్రీలు, కాంట్రాక్టర్లు, యూనియన్ల వారు తమ కింద ఉన్నవారికి ఈఎస్ఐ హక్కు సంగతి చెప్పాలి, పరీక్షకు వెళ్లే రోజు కూలి కోయకుండా చూడాలి.

కొండల మీద దూరమే మొదటి శత్రువు. నర్సీపట్నం దాటి చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు కొన్ని గూడేల నుంచి రోగిని డోలీలో మోసుకొస్తేగాని రోడ్డు రాదు. అక్కడి గిరిజనుడికి విశాఖ ప్రయాణమంటే ఒక రాత్రి, కొత్త భాష, తెలియని జనం. అలా వచ్చినవారిలో కొందరు ఎలమంచిలి, అనకాపల్లిలలో బంధువుల ఇళ్లలోనో తెలిసినవారి దగ్గరో దిగుతారు. చికిత్స పూర్తయ్యేదాకా వారికి ఒక గది, ఒక పూట అన్నం ఇవ్వగలిగితే అది మందుతో సమానం.

జాతి, పేదరికం కలిసి క్యాన్సర్ ఫలితాన్ని ఎలా మారుస్తాయో లోకానికి చూపిన చోటు న్యూయార్క్‌లోని హార్లెం. నల్లజాతి పేదలు ఎక్కువగా వచ్చే హార్లెం ఆసుపత్రిలో 1964–86 మధ్య రొమ్ము క్యాన్సర్ వచ్చిన మహిళల్లో ఐదేళ్లు బతికినవారు 39 శాతమే. సర్జన్ హెరాల్డ్ ఫ్రీమన్ అక్కడ రెండు పనులు చేశారు. పేద మహిళలకు చవకగా, ఉచితంగా రొమ్ము పరీక్షలు ఏర్పాటు చేశారు. 1990లో ప్రతి రోగికీ వెంట ఉండే ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషి డాక్టరు కాదు. చీటీ ఎక్కడ తీసుకోవాలి, ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు ఎప్పుడొస్తుంది, డబ్బు ఎవరు కడతారు, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నవి చూసుకోవడమే అతని పని. 1995–2000 మధ్య వచ్చినవారిలో ఐదేళ్లు బతికినవారు 70 శాతానికి చేరారు. అమెరికాలో ఆ తేడా పూర్తిగా పోలేదు, రొమ్ము క్యాన్సర్ మరణాల రేటు నల్లజాతి మహిళల్లో తెల్లవారి కంటే ఇప్పటికీ దాదాపు 40 శాతం ఎక్కువ. అయినా హార్లెంలో పనిచేసిన పద్ధతి ఎలమంచిలికి అచ్చంగా సరిపోతుంది, ఎందుకంటే దానికి కావలసింది యంత్రం కాదు, తోడు.

పరీక్షకు కూడా పెద్ద యంత్రాలు అక్కరలేదని ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ నిరూపించింది. 1998లో మొదలైన ఆ అధ్యయనంలో పాల్గొన్నది లక్షన్నర మంది మహిళలు. పదో తరగతి చదివిన స్థానిక మహిళలకు నాలుగు వారాల శిక్షణ ఇచ్చి, వెనిగర్ లాంటి పలుచని ఆమ్లం అద్ది గర్భాశయ ముఖద్వారాన్ని చూసే పరీక్ష చేయించారు. పరీక్ష చేసిన వాడల్లో ఆ క్యాన్సర్‌తో మరణాలు 31 శాతం తగ్గాయి. 2022 అంచనాల మేరకు ఈ ఒక్క క్యాన్సర్‌తో దేశంలో దాదాపు 80 వేల మంది మహిళలు చనిపోయారు. మన రాష్ట్రంలోనూ 2024 నవంబరు నుంచి ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల గురించి అడుగుతున్నారు. వారు వచ్చినప్పుడు ‘మాకేం లేదు’ అని పంపేయడం మానాలి. సిగ్గు అడ్డొస్తే అత్తాకోడళ్లు, తోడికోడళ్లు కలిసి వెళ్లవచ్చు. డ్వాక్రా సంఘంలో పదిమంది ఒకే రోజు వెళితే సిగ్గు దానంతటదే పోతుంది.

జబ్బు తేలాక మధ్యలో ఆపేయడం మరో పెద్ద నష్టం. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయం ఇంకా ఉంది. అది నిజం కాదు, ముక్క పరీక్ష లేకుండా సరైన వైద్యమే మొదలు కాదు. క్యాన్సర్ అంటుకోదు కాబట్టి రోగికి కంచం, గ్లాసు వేరు పెట్టనక్కరలేదు. కరెంటు వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు, కొందరికి ఏడు వారాలు పెడతారు. నోరు పుళ్లుపడి ముద్ద దిగని మూడో నాలుగో వారంలో చాలామంది ఇల్లు చేరి తిరిగి వెళ్లరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మొత్తం చికిత్స ఎనిమిది వారాల్లో ముగియాలి, ఆపైన జాప్యం జరిగేకొద్దీ ఫలితం దెబ్బతింటుంది. ఆ మూడో వారంలో జావ కాచి ఇచ్చి, మర్నాడు బస్సు ఎక్కించే పొరుగింటి మనిషి వల్ల ఒక ప్రాణం నిలవవచ్చు. ప్రతి ఊళ్లో అలాంటి ఇద్దరు ముగ్గురు ముందుకు రావాలి. అందులో ఒక్కరైనా ఆడవాళ్లు ఉండాలి.

వెళ్లే ముందు రేషన్ కార్డు, ఆధార్, పాత చీటీలన్నీ ఒకే సంచిలో పెట్టుకోవాలి. ఆసుపత్రిలో పథకం కౌంటరు దగ్గర ఉండే ‘మిత్ర’ అనే సహాయకులను ముందుగా కలవాలి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు చార్జీ లేదు, కాబట్టి రోగికీ తోడు వచ్చే ఆడమనిషికీ ఆ ఖర్చు తప్పుతుంది. రైలులో చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి, తోడు వచ్చే ఒకరికి సెకండ్ క్లాసు టికెట్టులో 75 శాతం రాయితీ ఉంది. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం చూపితే ఎలమంచిలి స్టేషన్ కౌంటరులోనే టికెట్టు తీసుకోవచ్చు. చికిత్స ముగిశాక కూడా డాక్టరు రాసిన తేదీలకు తప్పక వెళ్లాలి. ఆ తేదీలను క్యాలెండరులో గుర్తుపెట్టి, ముందు రోజు సాయంత్రం రోగికి గుర్తుచేసే పని ఆ తోడు మనిషిదే.