ఒకినావా అధ్యయనం: ఒక ఆశ

జపానుకు దక్షిణపు కొసనున్న ఒకినావాలో 1895లో ఒక మాధ్యమిక పాఠశాల విద్యార్థులు సమ్మె చేశారు. ఈ దీవుల పిల్లలకు ఆంగ్లమెందుకన్న ప్రధానోపాధ్యాయుని ధోరణి వారిని నొప్పించింది. నాడు బహిష్కృతులైన వారిలో ఒకడు ఇహా ఫుయూ (1876–1947). ఆ బాలుడే టోక్యో విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం అభ్యసించి, 1906లో పట్టభద్రుడై, స్వస్థలానికి మరలి గ్రంథాలయాధిపతియై, 1911లో 'ప్రాచీన ర్యూక్యూ' అనే గ్రంథం వెలువరించి, ఒకినావా అధ్యయనానికి పితామహుడైనాడు. 22 సంపుటాల పురాతన గేయసంకలనం 'ఓమోరో సోషి'కి అర్థం వెదకడం ఆయనకు జీవితవ్రతమైనది. జపనీయులకూ దీవులవారికీ మూలమొక్కటేనన్న ఆయన వాదం నాకంతగా రుచించదు, దానిని అటుంచుదాం.

బడిలో మాతృభాష పలికిన పిల్లల మెడలో చెక్కబిళ్ళ వ్రేలాడదీసి సిగ్గుపరచిన నేల అది. 2009లో యునెస్కో ఆ దీవుల భాషలు ఆరింటిని ప్రమాదంలో ఉన్నవిగా పేర్కొన్నది. అవ్వలు ఇంకా మాట్లాడుతూండగానే వారిని ఆచార్యులుగా ఎంచి తరగతిగదికి పిలువవలె. పరిశోధకుడు వ్రాతప్రతులతో తృప్తిపడరాదు. తాను పరిశీలించే భాషలోనే తన వ్యాసాన్ని కొంతైనా వ్రాయగలగాలి. ఉర్దూ, తెలుగు ప్రక్కప్రక్కన అచ్చయ్యే ఈ సంచికను చేతబట్టిన మిత్రులకు ఈ కోరిక అత్యాశగా తోచదనుకొంటాను.