లెక్కకెక్కని కొసరు

మేలు పొందినవారు ఆ మేలును గుర్తుంచుకోవడం కృతజ్ఞత. దానిని మాటలోగాని చేతలోగాని తెలియజేయడం సంస్కారం. ఊళ్ళోని చిన్న కిరాణా దుకాణదారు ఏళ్ళ తరబడి వాడుకగా వచ్చేవారిని పేరు పెట్టి పలకరిస్తాడు. ఇంట్లో పెద్దవారి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతాడు. తూకం ముగిసిన తరువాత పిడికెడు కొసరు వేస్తాడు. ఆ కొసరు విలువ కొద్దిపాటిదే. అయినా, పక్క వీధిలో ధర కాస్త తక్కువైనా ఆ మనిషి ఈ దుకాణాన్ని విడిచిపెట్టడు. తనను ఒకరు గుర్తించారన్న తృప్తి ఆ పిడికెడు గింజలతోపాటు ఇంటికి వస్తుంది. వ్యాపారమూ మానవ సంబంధమూ కలిసి నడిచిన తీరు అది.

లక్షలాది మందిని ఖండాలు దాటించే విమానయాన సంస్థకు ఈ కొసరు సాధ్యమేనా? ఒక విమానంలో నూట ఎనభై మంది ప్రయాణికులు ఉంటే వారిని చూసుకునే పరిచారక సిబ్బంది నలుగురో అయిదుగురో ఉంటారు. నేడు ఎక్కిన ప్రయాణికుడు మళ్ళీ అదే సిబ్బందికి కనిపించడం అరుదు. అయినప్పటికీ, ఒక్కొక్కప్పుడు భోజనాల హడావుడి ముగిశాక పరిచారిక ఒక సీటు దగ్గర ఆగుతుంది. అక్కడ కూర్చున్నవారిని పేరుతో పలకరించి, ఇన్నేళ్ళుగా మా సంస్థలోనే ప్రయాణిస్తున్నందుకు ధన్యవాదాలు అని చెబుతుంది. కొన్నిసార్లు స్వహస్తాలతో రాసిన చిన్న చీటీ చేతికిస్తుంది. పది లక్షల మైళ్ళు పూర్తి చేసినవారికి విమాన చోదకుడే వచ్చి కరచాలనం చేయడమూ కద్దు. ఇది వ్యాపారపు ఎత్తుగడ అని కొందరు కొట్టిపారేస్తారు. ఉచిత టికెట్టుకన్న ఆ చీటీయే విలువైనదని మరికొందరు దాచుకొంటారు. ఈ రెండు అభిప్రాయాలలో ఏది సరైనదో తేల్చుకోవాలంటే ఈ ఆచారం ఎలా పుట్టిందో ముందుగా తెలుసుకోవాలి.

1978లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం ద్వారా విమాన చార్జీలపైనా మార్గాలపైనా ఉన్న నియంత్రణను తొలగించింది. అంతవరకు ప్రభుత్వం నిర్ణయించిన ధరలకే నడిచిన సంస్థల మధ్య ఒక్కసారిగా పోటీ పెరిగింది. ప్రయాణికుణ్ణి నిలుపుకోవడం ఎలా అన్నది పెద్ద సమస్య అయింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థకు సేబర్ అనే కంప్యూటర్ రిజర్వేషన్ వ్యవస్థ ఉండేది. పదే పదే ప్రయాణించేవారు ఎవరో ఆ యంత్రం సాయంతో గుర్తించి, 1981 మే 1న ఆ సంస్థ 'అడ్వాంటేజ్' అనే పథకాన్ని ప్రవేశపెట్టింది. ఎన్ని మైళ్ళు ప్రయాణిస్తే అన్ని మైళ్ళు ఖాతాలో జమ అవుతాయి. అవి కొంత మొత్తానికి చేరితే ఉచిత ప్రయాణం లభిస్తుంది. కొద్ది రోజులకే యునైటెడ్ సంస్థ కూడా అదే బాట పట్టింది. తరువాత ప్రపంచమంతటా ఈ పద్ధతి వ్యాపించింది. దుకాణదారు జ్ఞాపకంలో ఉండే విషయం కంప్యూటర్ లెక్కలోకి మారింది.

ఈ మార్పులో మంచి లేకపోలేదు. వేలమందిని ఏ మనిషీ గుర్తుంచుకోలేడు. యంత్రం గుర్తుచేస్తే మనిషి పలకరించగలడు. అయితే కాలక్రమంలో ఆ లెక్కే ప్రధానమై కూర్చుంది. 2015లో డెల్టా, యునైటెడ్ సంస్థలు, 2016లో అమెరికన్ సంస్థ, బహుమతి మైళ్ళను దూరాన్ని బట్టి కాక చెల్లించిన టికెట్టు ధరను బట్టి ఇవ్వడం ప్రారంభించాయి. ఎంత కాలం వెన్నంటి ఉన్నారన్నదానికన్న ఎంత ఖర్చు చేశారన్నదే కొలమానమైంది. 2020లో కరోనా వ్యాధి కారణంగా విమానాలు నేలకు పరిమితమైనప్పుడు, యునైటెడ్ సంస్థ తన మైళ్ళ పథకాన్ని పూచీగా చూపి 680 కోట్ల డాలర్ల రుణం సేకరించింది. కష్టకాలంలో సంస్థను ఆదుకోవడానికి అది ఉపయోగపడిందన్న మాట నిజమే. కాని ప్రయాణికుల నమ్మకం తాకట్టు పెట్టదగిన ఆస్తిగా మారిందని కూడా దానివల్ల తెలుస్తున్నది.

లెక్క ఎంత పెరిగినా మనసు నిండదన్న సంగతిని 2009లో వచ్చిన 'అప్ ఇన్ ది ఎయిర్' అనే ఆంగ్ల చలనచిత్రం చక్కగా చూపింది. అందులోని కథానాయకుడు ఏడాదిలో ఎక్కువ రోజులు విమానాలలోనే గడుపుతాడు. కోటి మైళ్ళు పూర్తి చేయడం అతని జీవితాశయం. కోటి మైళ్ళంటే చంద్రునివద్దకు సుమారు ఇరవైసార్లు వెళ్ళి వచ్చినంత దూరం. చివరకు ఆ ఘడియ రానే వస్తుంది. విమాన చోదకుడు వచ్చి పక్కన కూర్చుని అభినందిస్తాడు. ఆ క్షణంలో ఏమి చెప్పాలని ఎన్నాళ్ళుగానో అనుకొన్నాడో అది అతనికి గుర్తుకు రాదు. ఊరేదని అడిగితే 'ఇక్కడే' అని మాత్రం అంటాడు. ఖాతా నిండింది కాని, పలకరింపును పంచుకోవడానికి ఇంటి దగ్గర ఎవరూ లేరు. కల్పిత కథే అయినా మైళ్ళను మాత్రమే కూడబెట్టుకొనేవారికి అది ఒక హెచ్చరిక.

మరి ఒక చిన్న పలకరింపుకు అంత శక్తి ఎక్కడిది? 1981లో స్కాండినేవియా దేశాల ఉమ్మడి విమాన సంస్థకు అధిపతి అయిన యాన్ కార్ల్‌జన్ దీనికి ఒక సమాధానం చెప్పాడు. ఏడాదికి కోటిమంది ప్రయాణికులు తన సంస్థకు వస్తారని, వారిలో ప్రతి ఒక్కరూ సుమారు అయిదుగురు ఉద్యోగులను కలుసుకొంటారని, ఒక్కొక్క కలయిక సగటున పదిహేను సెకన్లు మాత్రమే ఉంటుందని ఆయన లెక్కగట్టాడు. సంస్థ మంచిదో చెడ్డదో ప్రయాణికుడు నిర్ణయించుకొనేది ఆ పదిహేను సెకన్లలోనే. అందువల్ల ఎదుట నిలిచిన ఉద్యోగికే సొంతంగా నిర్ణయం తీసుకొనే స్వేచ్ఛ ఉండాలని ఆయన వాదించాడు. ఇందులో ఒక సత్యం ఉంది. పైనుండి వచ్చిన ఆదేశాన్ని వల్లెవేసే ధన్యవాదానికీ, ఎదుటి మనిషి అలసటను గమనించి చెప్పే మాటకూ తేడా ప్రయాణికుడికి వెంటనే తెలిసిపోతుంది.

ఇక్కడ సాధారణంగా మరచిపోయే రెండవ పక్షం ఒకటుంది. ఆ పలకరింపు పలికే మనిషి సంగతి ఏమిటి? అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ విమాన పరిచారికల జీవితాన్ని పరిశీలించి 1983లో ఒక గ్రంథం ప్రకటించింది. శారీరక శ్రమ, మేధాశ్రమలతోపాటు 'భావశ్రమ' అనేది కూడా ఉందని ఆమె వివరించింది. లోపల దుఃఖం ఉన్నా పెదవులపై చిరునవ్వు నిలపడం, అవమానించినవారితో కూడా మృదువుగా మాట్లాడడం ఉద్యోగంలో భాగమైతే ఆ శ్రమ కంటికి కనిపించదు. కనిపించని శ్రమకు కూలి కట్టేవారు తక్కువ.

ఈ మాటకు నిదర్శనం కోసం దూరం వెళ్ళనక్కరలేదు. అమెరికాలోని పెద్ద విమాన సంస్థలలో పరిచారికలకు విమానం తలుపులు మూసిన తరువాతనే గంటల వేతనం మొదలయ్యే పద్ధతి దశాబ్దాలపాటు సాగింది. ప్రయాణికులు లోపలికి వచ్చేటప్పుడు ద్వారం వద్ద నిలిచి స్వాగతం పలకడం, సంచులు పైన సర్దించడం, వృద్ధులకు సీటు చూపించడం ఆ లెక్కలోకి వచ్చేవి కావు. 2022లో డెల్టా సంస్థ ఆ సమయానికి సగం రేటున వేతనం ఇవ్వడం ప్రారంభించింది. అక్కడి పెద్ద సంస్థలలో అదే మొదటిది. ప్రయాణికుడు మనసులో పదిలపరచుకొనే స్వాగతం అంతవరకు జీతం లెక్కకెక్కని పని అన్నమాట.

మన దేశంలోనూ ఇటువంటి వైపరీత్యం లేకపోలేదు. అతిథికి వంగి నమస్కరించే మహారాజు బొమ్మను ఎయిర్ ఇండియా 1946లోనే తన చిహ్నంగా చేసుకొన్నది. అతిథి మర్యాదకు ఆ సంస్థ పేరు పొందింది. కాని ఆ మర్యాదను నిలబెట్టిన పరిచారికలు ఒకప్పుడు ముప్పై అయిదేళ్ళు నిండినా, ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలోపు వివాహం చేసుకొన్నా, మొదటిసారి గర్భం ధరించినా ఉద్యోగం వదులుకోవలసి వచ్చేది. నర్గేష్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు గర్భధారణ నిబంధనను కొట్టివేసింది. వివాహ నిబంధన మాత్రం అప్పటికి నిలిచింది. ఆ తీర్పు వెలువడిన సంవత్సరం 1981. ప్రయాణికుల విశ్వాసాన్ని మైళ్ళలో కొలవడం మొదలుపెట్టిన సంవత్సరం కూడా అదే. ప్రయాణికుని విశ్వాసానికి బహుమానం, సిబ్బంది విశ్వాసానికి ఉద్వాసన! తన సిబ్బందిని గౌరవించని సంస్థ వారి నోట ప్రయాణికులకు హృదయపూర్వకమైన కృతజ్ఞతలు చెప్పించలేదు.

'ఎక్కువ సొమ్ము చెల్లించినవారికి ఎక్కువ మర్యాద లభించడం న్యాయమే కదా?' అని కొందరు ప్రశ్నిస్తారు. వెడల్పైన సీటు, రుచికరమైన భోజనం, ప్రత్యేక విశ్రాంతి గది వంటివి సొమ్ముకు తగినట్లు ఉండడంలో తప్పులేదు. అవి కొనుక్కొనే వస్తువులు. పదే పదే వచ్చేవారిపట్ల కాస్త ప్రత్యేకమైన ఆదరం చూపడం కూడా సహజమే. కాని గౌరవాన్ని తరగతులుగా విభజించి అమ్మడం మొదలుపెడితే అది గౌరవంగా మిగలదు. ముందు వరుసలో వంగే నడుము వెనుక వరుసలో బిగుసుకుపోతే ఆ వంగడంలోని నిజాయితీని ముందు వరుసవారు కూడా శంకించవలసి వస్తుంది.

విమాన సిబ్బంది అసలు ధర్మం ఏమిటో 1986 సెప్టెంబరు 5న నీర్జా భానోత్ లోకానికి చాటింది. ముంబాయి నుండి బయలుదేరిన పాన్ అమ్ విమానాన్ని కరాచీలో సాయుధులు ఆక్రమించారు. ఇరవై రెండేళ్ళ నీర్జా ఆ విమానంలో సీనియర్ పర్సర్. ఆమె ముందుగా చోదకులను హెచ్చరించింది. దుండగులు అమెరికన్లను వెదుకుతున్నారని గ్రహించి, ఆమె, తోటి సిబ్బంది కలిసి వారి పాస్‌పోర్టులను దాచివేశారు. గంటల తరబడి సాగిన నిర్బంధం తరువాత కాల్పులు మొదలైనప్పుడు ఆమె అత్యవసర ద్వారం తెరిచి ప్రయాణికులను బయటికి పంపింది. పిల్లలను కాపాడుతూ ప్రాణాలు వదిలింది. మరణానంతరం భారత ప్రభుత్వం ఆమెకు అశోక చక్ర ప్రకటించింది. ఆ ద్వారం అందరికోసం తెరుచుకొన్నది. ఎవరి ఖాతాలో ఎన్ని మైళ్ళున్నాయన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు.

ఇప్పుడు శంషాబాద్ విమానాశ్రయం వైపు దృష్టి సారించాలి. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుండి ఎందరో బతుకుతెరువు కోసం గల్ఫ్ దేశాలకు వెళుతుంటారు. గోదావరి జిల్లాల నుండి, కడప ప్రాంతం నుండి వెళ్ళేవారూ ఉన్నారు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి ఇంటికి వచ్చి, మళ్ళీ అదే ఆకాశమార్గంలో తిరిగి వెళతారు. ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నా వారిలో చాలామంది చేతిలో ఏ సభ్యత్వ కార్డూ ఉండదు. ఏజెంటో, పని ఇచ్చిన యజమానో చవకగా దొరికిన టికెట్టు కొని ఇస్తాడు. విధేయత చూపడానికి వారికి ఎంపిక చేసుకొనే అవకాశమే లేదు. కాబట్టి కంప్యూటర్‌కు వారు కొత్తవారే. బెల్టు పెట్టుకోవడం తెలియక తడబడే యువకుని దగ్గర ఆగి, 'ఇలా పెట్టుకోండి, భయం లేదు' అని నెమ్మదిగా చెప్పే పరిచారిక ఏ పథకంలోనూ లేని కొసరు వేస్తున్నది. పుట్టిన నాటినుండి చూడని బిడ్డను మొదటిసారి చూడబోతున్న తండ్రిని 'ఇంటికి వెళుతున్నారా?' అని అడిగే ఒక్క మాటకు ఎన్ని మైళ్ళు సాటి రాగలవు?

కృతజ్ఞత ఏకముఖంగా ఉండడం కూడా తగదు. సిబ్బంది ధన్యవాదాలు అందుకొనే ప్రయాణికుడు తానూ తిరిగి ధన్యవాదాలు చెప్పడం నేర్వాలి. రాత్రంతా నిలబడి సేవచేసినవారు ద్వారం వద్ద నమస్కరిస్తుంటే సెల్‌ఫోన్‌లోనుండి తల ఎత్తకుండా దిగిపోయేవారు ఎందరో! చాలా కార్డులున్నవారికి ఈ మర్యాద అక్కరలేదని ఎవరూ మినహాయింపు ఇవ్వలేదు.

సంస్థలు మైళ్ళు లెక్కించవచ్చు, బహుమతులు ఇవ్వవచ్చు. వ్యాపారానికి అవి అవసరం. కాని మనఃపూర్వకమైన కృతజ్ఞత కావాలనుకొంటే సిబ్బందికి తగిన వేతనం, తగిన విశ్రాంతి, సొంతంగా మాట్లాడే స్వేచ్ఛ ఇవ్వాలి. ఆపైన ఏ సీటు దగ్గర ఆగాలో, ఎవరికి ఏ మాట చెప్పాలో వారి మనసుకే వదిలిపెట్టాలి. నేటి విద్యార్థులు రేపు విమానాలలోనో, ఆస్పత్రులలోనో, బ్యాంకులలోనో ప్రజలకు ఎదురుగా నిలిచి పనిచేయవలసినవారే. ఎదుట ఉన్నవారి పేరును యంత్రం తెరమీద చూపిస్తుంది. తల ఎత్తి ఆ ముఖం చూడవలసినది మాత్రం మనిషే.