చాగోస్ ఒడంబడిక

చాగోస్ ద్వీపములపై సార్వభౌమాధికారమును మారిషస్‌కు అప్పగించు ఒడంబడికపై బ్రిటన్, మారిషస్ ఇరుపక్షములును 2025 మే 22న సంతకములు చేసినవి. 1965లో మారిషస్‌నుండి బ్రిటన్ వేరుచేసిన ఈ భూభాగమును మరల నిచ్చుట న్యాయము. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానము వెలిబుచ్చిన అభిప్రాయమును అదియే. అయినను ఆ ద్వీపములలోని డీగో గార్షియా సైనికస్థావరము 99 ఏండ్ల వరకు బ్రిటన్ నిర్వహణలోనే యుండి, అమెరికా నౌకలకును విమానములకును పూర్వమువలె ఆశ్రయ మొసగునప్పుడు, హిందూమహాసముద్రమున పతాకము మారునే గాని బలాబలములు మారవు. మారిషస్ వాదమును బలపరచిన భారతదేశము ఇంతటితో తృప్తి చెందరాదు. ఆ జలములందలి నౌకామార్గముల భద్రతయు, తక్కిన దీవులలో అన్యసైన్యములకు తావు లేకుండుటయు తనకును ముఖ్యములు గనుక, మారిషస్ ప్రభుత్వముతో సంప్రదింపులను ఇప్పుడే ఆరంభింపవలెను. రాజ్యముల ప్రయోజనములకన్న ముందు తలపవలసినది చాగోస్ ప్రజలను. స్థావరము కొరకు బ్రిటిషు పాలకులు వారిని కొబ్బరితోటలనుండి వెడలగొట్టి, పెంపుడు కుక్కలను సైతము చంపించి, 1973 నాటికి దీవులను నిర్జనము చేసిరి. ఈ ఒడంబడికకై జరిగిన సంప్రదింపులలోను వారు పక్షముగా లేరు. డీగో గార్షియా తప్ప తక్కిన దీవులలో పునరావాసమునకు ఒడంబడిక అనుమతించినది. అది అమలులోనికి వచ్చులోపలనే ఆ ప్రజల ప్రతినిధులను కూర్చుండబెట్టుకొని, ఇండ్లు, మంచినీరు, రాకపోకల ఓడలు, వీనికి తగు ధనము మొదలగువానిని మారిషస్, బ్రిటన్ ప్రభుత్వములు లిఖితపూర్వకముగా నిర్ణయింపవలెను.