కొత్త దారులు: పక్కన నిలబడే గురువు

కూటి కోసం కోటి విద్యలు అన్నారు మన పెద్దలు. అమెరికా వచ్చాక ఆ కోటిలో మనకి మిగిలినవి మూడే: డాక్టరు, సాఫ్ట్‌వేరు, ఫార్మసీ. "మీ అమ్మాయి ఏం చేస్తోంది?" అని ఎవరైనా అడిగితే మా అక్క "యూనివర్సిటీలో పని చేస్తోంది" అని, వెంటనే "పప్పు వేసుకోండి" అనేది. మా అక్క కూతురు ఒక యూనివర్సిటీలో ఆడపిల్లల జిమ్నాస్టిక్స్ జట్టుకి అసిస్టెంట్ కోచ్. కిందటి సంక్రాంతి సంబరాల్లో ఇద్దరు తల్లులు నన్ను పక్కకి పిలిచి, "మా పాపకి జిమ్నాస్టిక్స్ అంటే ప్రాణం. అందులో బతుకుతెరువు ఉంటుందా?" అని అడిగారు. అందుకే ఈసారి శీర్షిక ఈ ఉద్యోగం మీద.

ముందు ఆట సంగతి. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం పుణ్యమా అని అమెరికా కాలేజీల్లో ఆడపిల్లల ఆటలకి చోటు పెరిగింది. ఎన్‌సీఏఏ మహిళల జిమ్నాస్టిక్స్ జాతీయ పోటీలు 1982లో మొదలయ్యాయి. సీజన్ జనవరి నుంచి ఏప్రిల్ దాకా. వాల్ట్, అన్‌ఈవెన్ బార్స్, బీమ్, ఫ్లోర్ అని నాలుగు విభాగాలు. ఒలింపిక్స్ తరహా పోటీల్లో 2006లో పదికి పది పద్ధతి తీసేశారు కానీ, కాలేజీల్లో ఇప్పటికీ అదే నడుస్తోంది.

పిల్లలూ, ఒక చిన్న లెక్క. ఒక్కో విభాగంలో ఆరుగురు ఆడతారు. అందులో మంచి మార్కులు వచ్చిన ఐదుగురివే కలుపుతారు. ఒక జట్టుకి 9.85, 9.90, 9.75, 9.925, 9.80, 9.20 వచ్చాయనుకోండి. 9.20 తీసేస్తే మిగిలినవన్నీ కలిపి ఎంత? 49.225. నాలుగు విభాగాలకీ కలిపి గరిష్ఠం 200. కింద పడితే అర మార్కు పోతుంది. కిందికి దిగేటప్పుడు కాలు చిన్నగా కదిలినా కోత తప్పదు. 2018 ఫైనల్లో యూసీఎల్ఏకి 198.0750, ఓక్లహోమాకి 198.0375 వచ్చాయి. తేడా 0.0375! పడిన అమ్మాయి మార్కులు తీసేసే వీలున్నా, ఒక్క చిన్న అడుగు జాతీయ పతకాన్ని అటూ ఇటూ చేయగలదన్నమాట.

ఆ చిన్న అడుగు పడకుండా చూడటమే అసిస్టెంట్ కోచ్ పని. ఒక జనవరిలో నేను వారం రోజులు మా అమ్మాయి దగ్గర ఉన్నాను. పొద్దున్నే జిమ్‌కి వెళ్ళి పరుపులు లాగి సర్దుతుంది. ఆడపిల్లలు చేతులకి సుద్దపొడి రాసుకుని బార్స్ ఎక్కితే, పక్కనే నిలబడి, గాల్లో తిరుగుతున్న పిల్లని సరిగ్గా అవసరమైన క్షణంలో నడుము దగ్గర పట్టుకుంటుంది. తర్వాత వీడియోలు చూసి మోకాలు ఎక్కడ వంగిందో, తల ఎప్పుడు వాలిందో రాసుకుంటుంది. సీజన్లో ఒక విద్యార్థిని వారానికి 20 గంటలకి మించి సాధన చేయకూడదని ఎన్‌సీఏఏ నియమం, కనుక ఆ లెక్కలూ చూసుకోవాలి. సాయంత్రం కొత్త క్రీడాకారిణుల వేట. హైస్కూల్ రెండో ఏడాది అయ్యాక జూన్ 15 వచ్చేదాకా కోచ్ ఆ పిల్లకి తనంతట తాను ఫోన్ చేయకూడదు. శనాదివారాలు ప్రయాణాలు, పోటీలు. పేపర్లో ఫోటో మాత్రం హెడ్ కోచ్‌ది.

"రోజంతా పట్టుకోవడమేనా నీ పని?" అన్నాను నవ్వుతూ.

"కాదు పిన్నీ, వదలడం. నేను చెయ్యి వేశానంటే ఆ పిల్లకి ఇంకా రానట్టు. ఏ రోజు చెయ్యి తీసెయ్యాలో తెలియడమే అసలు పని. ఒకరోజు ముందు తీస్తే దెబ్బ తగులుతుంది. నెల రోజులు ఆలస్యం చేస్తే ఆ పిల్లకి తన మీద తనకి నమ్మకమే రాదు" అంది.

పిల్లల్ని పెంచుతున్న మనందరికీ పనికొచ్చే మాట అనిపించింది.

ఇక కష్టాలు. హైస్కూల్లో మోకాలు దెబ్బతిని తను పోటీలు మానేసింది. కైనీషియాలజీ చదివి, 2019 నుంచి రెండేళ్ళు వాలంటీర్ కోచ్‌గా చేసింది, అంటే జీతం లేదు. అద్దె కోసం సాయంత్రాలు చిన్నపిల్లలకి పిల్లిమొగ్గలు నేర్పేది. ఆ జీతం లేని హోదాని ఎన్‌సీఏఏ 2023 జూలై 1 నుంచి తీసేసింది. ఈ దారిలో వచ్చే పిల్లలకి అది పెద్ద ఊరట.

2021లో జీతమున్న ఉద్యోగం వచ్చింది. 2024 వసంతంలో ఆ యూనివర్సిటీ హెడ్ కోచ్‌ని మార్చింది. కొత్తగా వచ్చినవాళ్ళు తమ మనుషుల్ని తెచ్చుకున్నారు. మా అమ్మాయి ఉద్యోగం పోయింది. చేసిన పనిలో వంక ఏమీ లేదు, ఈ వృత్తిలో అది మామూలే. బావగారు "ఇప్పటికైనా కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చెయ్యమ్మా, ఫీజు నేను కడతాను" అన్నారు. "ఆగస్టు దాకా ఆగండి నాన్నా" అంది. జూలై చివర్లో వేరే రాష్ట్రంలో, కాస్త తక్కువ జీతానికి ఇంకో జట్టులో దొరికింది. ఆ మూడు నెలలూ మా అక్క ఇంట్లో ఫోన్ మోగితే అందరికీ గుండె దడే.

డివిజన్ వన్‌లో జిమ్నాస్టిక్స్ జట్లున్న కాలేజీలు సుమారు 60. జట్టుకి ముగ్గురు అసిస్టెంట్లు అనుకున్నా దేశం మొత్తం మీద 200 ఉద్యోగాలు లేవు. ఈ సంఖ్య పిల్లలకి దాచకుండా చెప్పాలి.

అయితే దారి మూసుకుపోయిందని కాదు. వాలరీ కొండోస్ ఫీల్డ్ బాలే నర్తకి, జిమ్నాస్ట్ కానే కాదు. యూసీఎల్ఏలో అసిస్టెంట్‌గా చేరి నృత్యం నేర్పారు, 1991 సీజన్‌కి హెడ్ కోచ్ అయ్యారు. 2019లో విరమించే నాటికి ఏడు జాతీయ టైటిళ్ళు! మన భరతనాట్యం, కూచిపూడి పిల్లలు ఇది గమనించాలి. జే క్లార్క్ జార్జియాలో ఏళ్ళ తరబడి అసిస్టెంట్‌గా, తర్వాత హెడ్ కోచ్‌గా ఉండి, 2012లో అది వదిలి ఎల్ఎస్‌యూలో మళ్ళీ ఒకరి పక్కన నిలబడే పనిలో చేరారు. 2024లో ఎల్ఎస్‌యూ మొట్టమొదటి జాతీయ టైటిల్ గెలిచినప్పుడు హెడ్ కోచ్ ఆయనే.

మనవాళ్ళకి ఈ ఆట రాదనుకోకండి. తండ్రి వైపు భారతీయురాలైన మోహినీ భరద్వాజ్ యూసీఎల్ఏలో ఆడి, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుతో రజతం గెలిచింది. మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్ వాల్ట్‌లో కాంస్యం తెచ్చింది. ప్రపంచ కప్‌లో భారతీయులకి వ్యక్తిగతంగా వచ్చిన తొలి జిమ్నాస్టిక్స్ పతకం అదే.

ఆ ఇద్దరు తల్లులకీ, మీ అందరికీ నా సలహా ఇది. పాప పోటీల్లో గెలవకపోయినా, చిన్నపిల్లలకి నేర్పడంలో ఆనందం ఉందా అని చూడండి. హైస్కూల్ వేసవిలో దగ్గర్లోని జిమ్‌లో సహాయకురాలిగా పంపితే తెలిసిపోతుంది. డిగ్రీ మాత్రం వదలొద్దు. కైనీషియాలజీ, ఫిజికల్ థెరపీ లాంటివైతే కోచింగ్ లేని రోజున కూడా అన్నం పెడతాయి. ఏ జిమ్‌లో చేర్చినా పిల్లల రక్షణకి అక్కడి నియమాలేమిటో, తల్లిదండ్రులు కూర్చుని చూడనిస్తారో లేదో అడగండి. 2018లో మిషిగన్ కోర్టులో బయటపడ్డ ఘోరాలు విన్నాక ఈ ప్రశ్నకి మొహమాటం అక్కర్లేదు.

పాప ఇవన్నీ తెలిసి కూడా ఇదే కావాలంటే, ఎంతకాలం పక్కన నిలబడాలో, ఏ రోజు చెయ్యి తియ్యాలో మీరే నిర్ణయించుకోండి.

మీ ఇళ్ళల్లో పిల్లలు ఎంచుకున్న కొత్త దారుల గురించి నాకు రాయండి. వచ్చే సంచికలో కలుద్దాం.