నోటికొచ్చిన లెక్క... కాగితం మీద తప్పింది!

కొబ్బరికాయ ధర 35. నాలుగు కాయలకు ఎంత?

బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో కొబ్బరికాయలమ్మే ఓ కుర్రాడిని పరిశోధకులు కొనుక్కునేవాళ్లలా వెళ్లి ఇలాగే అడిగారు. మూడు కాయలకు 105, దానికి 30 కలిపితే 135, ఇంకో 5... మొత్తం 140 అని నోటితోనే చెప్పేశాడు. తరవాత అదే కుర్రాడికి కాగితమిచ్చి 35ని 4తో గుణించమన్నారు. నాలుగు అయిదులు ఇరవై... సున్నా వేసి రెండు పక్కకి ఎక్కించాడు. ఆ రెండునీ ముందే మూడుతో కలిపేసి, వచ్చిన అయిదుని నాలుగుతో గుణించి 200 అని రాశాడు!

ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ఆ పరిశోధన 1985లో వెలువడింది. వాళ్లు పరిశీలించింది అయిదుగురు పిల్లల్నే. బేరం దగ్గర అడిగిన లెక్కల్లో ఆ పిల్లలు 98 శాతం సరిగ్గా చేశారు. అలాంటివే ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతమే!

మన బజార్లలోనూ అంతే

ఎక్కడో బ్రెజిల్ సంగతిలే అనుకోవద్దు. నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లలను పరీక్షించింది. ఫలితాలు 2025లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. కిలో 20 రూపాయల బంగాళదుంపలు 800 గ్రాములు, కిలో 15 రూపాయల ఉల్లిపాయలు కిలో 400 గ్రాములు కొని 200 నోటిస్తే... 37 రూపాయలు తీసుకుని 163 తిరిగివ్వాలి. ఇలాంటివి వాళ్లకు మంచినీళ్లప్రాయం. కానీ బడి పద్ధతిలో అడిగితే అంతకన్నా తేలికైనవీ చేయలేకపోయారు.

మరి బడికెళ్లే పిల్లలో? వాళ్లది తలకిందుల కథ. అంకెల లెక్కలు మెరుగ్గానే చేశారు. బజారు లెక్క ఒకటి అడిగితే మాత్రం సరిగ్గా చెప్పింది నూటికి ఒక్కరే. పనిచేసే పిల్లల్లో మూడోవంతుకు పైగా దాన్ని చేశారు. అంటే వీళ్లకూ వాళ్లకూ లెక్కలు రాక కాదు, ఒకచోట నేర్చింది మరోచోటికి రావడం లేదు.

పేర్లు మారిస్తే చాలదు

చదువును బడి బయటి జీవితంతో ముడిపెట్టాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. అలాగని కూడికకు ముందు 'రాము దగ్గర 5 మామిడిపళ్లు' అని చేర్చినంత మాత్రాన అది జీవితం లెక్క అయిపోదు. చార్టు మీద బొమ్మలు అతికించడం ప్రాజెక్టూ కాదు. అంకెలు పిల్లలే సేకరించాలి. వచ్చిన జవాబుతో ఏదో ఒకటి తేలాలి.

ఉదాహరణకి, ఇంట్లో కారే కుళాయి. దాని కింద గ్లాసు పెట్టి పది నిమిషాల్లో ఎన్ని నీళ్లు పడ్డాయో కొలవమనండి. 50 మిల్లీలీటర్లు అనుకుందాం. గంటకు 300. రోజుకు 7.2 లీటర్లు. నెలకు 216 లీటర్లు! 15 లీటర్ల బిందెలైతే పద్నాలుగు దాటిపోతాయి. వాషరు మార్చాలా వద్దా అన్నది ఇక వాళ్లే చెబుతారు.

అక్కడితో ఆపకూడదు. రాత్రి బకెట్ పెడితే 8 గంటల్లో 2.4 లీటర్లు రావాలి. తెల్లారాక కొలవమనండి. తేడా వస్తే ఎందుకొచ్చిందో ఆలోచిస్తారు. చివరగా చేసిందంతా 50×6×24 అని కాగితం మీద పెట్టించాలి. పెద్ద తరగతి పిల్లలైతే 50 బదులు 'క్ష' అనుకోమంటే చాలు... రోజుకు 144 క్ష. బీజగణితం వచ్చేసినట్టే! బజారు నుంచి బడికి దారి పడేది ఈ చివరి మెట్టు దగ్గరే.

ఎక్కాలు, అభ్యాసాలు మానేయమని కాదు. వాటి అవసరం ఎప్పుడూ ఉంటుంది. నెలకో చిన్న ప్రాజెక్టు తోడైతే చాలు. కరెంటు బిల్లు, కిరాణా చీటీ, ఊరికెళ్లే బస్సు చార్జీలు... సరంజామా అంతా ఇంట్లోనే ఉంది. 'మావాడికి లెక్కలు రావండీ' అని నలుగురిలో అనేముందు ఓసారి సంచీ, డబ్బులు ఇచ్చి కూరగాయల కొట్టుకు పంపి చూడండి. వచ్చాక ఆ లెక్కనే నోటుబుక్కులో రాయించండి. ఎక్కడ తడబడుతున్నాడో మీకే తెలుస్తుంది.